పాత టర్బో పెట్రోల్ కారులో వాక్యూమ్ లీకు: టర్బో విప్పే ముందు ఇది చూసుకో తమ్ముడూ

ఒంగోలు తమ్ముడు అడిగింది ఏందంటే, చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2005 మోడల్ ఆక్టేవియా 1.8 టర్బో పెట్రోల్, ఐడిలింగ్‌లో ఆర్పీఎం ముల్లు 700కీ 1000కీ మధ్య ఊగుతా ఉండాది, చెక్ ఇంజిన్ లైటు వెలిగి పి 0171 అనే కోడ్ (గాలికి తగ్గ పెట్రోల్ లేదని) చూపిస్తోంది, 3000 దాటాక మునుపు లాగినంత లాగట్లేదు, ఇవి చాలవన్నట్టు వాల్వ్ కవర్ చుట్టూ ఆయిల్ చెమరుస్తోంది, డిప్‌స్టిక్ అప్పుడప్పుడు పైకి లేచి కనపడతా ఉండాది. మెకానిక్ ముందు ఎయిర్ ఫ్లో సెన్సర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) మార్పించాడు, తర్వాత ఆక్సిజన్ సెన్సర్ మార్పించాడు, ఇప్పుడేమో టర్బో పోయింది విప్పాల్సిందే అంటున్నాడు, విప్పించమంటారా అన్నా అని.

వద్దు. ఇప్పుడే వద్దు. టర్బో పోయిన బండి ఇట్టా ఉండదు. టర్బో అంటే గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి కొట్టేది, ఐడిలింగ్‌లో దానికి పనేముంది, ఊరికే తిరుగుతా ఉంటది అంతే, కాబట్టి ముల్లు ఊగడానికీ దానికీ సంబంధం లేదు. టర్బో నిజంగా పోతే సైలెన్సర్‌లోంచి నీలం పొగ రావడమో, షాఫ్టు చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తే రెక్క పోయి గోడకి తగలడమో, ఇనుము రాసుకున్న శబ్దమో ఏదో ఒకటి ఉండాల. నువ్వు చెప్పిన వాటిల్లో అదొక్కటీ లేదు. నువ్వు చెప్పిన నాలుగు కంప్లయింట్లు నాలుగు జబ్బులు కావు, చాలావరకు ఒకే చోట మొదలైనవి. ఆ చోటు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) కింద చేతికి అందని సందులో ఉంటది కాబట్టి ఎవరూ చూడరు, పైన కనపడే సెన్సర్లు మారుస్తా పోతారు.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకో, మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంటది. మామూలు పెట్రోల్ బండిలో వాక్యూమ్ లీకంటే ఒకటే అర్థం, బయట గాలి దొంగతనంగా లోపలికి పోతోందని. టర్బో బండిలో అదే పైపులో ఐడిలింగ్‌లో పీల్పు ఉంటది, యాక్సిలరేటర్ తొక్కగానే అదే పైపులో టర్బో ఒత్తిడి (దీన్నే బూస్టు అంటారు) ఉంటది, అంటే ఒకే చీలికలోంచి ఒకసారి గాలి లోపలికి పోతాది ఇంకోసారి బయటికి పోతాది. అందుకే లక్షణాలు ఒకదానికొకటి పొంతన లేకుండా కనపడతాయి, ఐడిలింగ్‌లో పెట్రోల్ చాలట్లేదంటది, హైవే మీద తొక్కితే పికప్ లేదంటది, మనం రెండు జబ్బులు అనుకుంటాం.

కాబట్టి గాలి దారిని మూడు ముక్కలు చేసుకో. మొదటిది ఎయిర్ ఫ్లో సెన్సర్ నుంచి టర్బో మూతి దాకా ఉండే లావు రబ్బరు పైపు. ఇక్కడ ఎప్పుడూ పీల్పే తప్ప ఒత్తిడి ఉండదు, చీలిక ఉంటే సెన్సర్ లెక్కలోకి రాని గాలి లోపలికి దూరతాది, ఫిల్టర్ కూడా తప్పించుకుని పోతాది. రెండోది టర్బో నుంచి ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) మీదుగా థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) దాకా. ఇక్కడ ఐడిలింగ్‌లో ఏమీ తెలియదు, తొక్కినప్పుడు మాత్రం సెన్సర్ లెక్కపెట్టిన గాలి మధ్యలో బయటికి పోతాది కాబట్టి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఎక్కువ పెట్రోల్ పోసేస్తాది, నల్ల పొగ, పికప్ లేకపోవడం, పి 0299 (బూస్టు చాలట్లేదనే కోడ్) ఇవన్నీ ఇక్కడివే. మూడోది థ్రాటిల్ బాడీ దాటాక మానిఫోల్డూ, దానికి తగిలించిన సన్న పైపులన్నీ. రెండు రకాల ఇబ్బందీ ఇచ్చేది ఇదే, నీ బండి జబ్బు నూటికి తొంభై పాళ్ళు ఇక్కడే ఉండాది.

ఈ మూడో ముక్కలోనే వన్‌వే వాల్వులుంటాయి. మన బావి మోటారుకి అడుగున ఫుట్‌వాల్వ్ ఎట్టాగో ఇదీ అట్టాగే, ఒకవైపే వదలాల, రెండోవైపు బిగుసుకోవాల, ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుంటే మోటారు ఎంత తిరిగినా ఏమవుతాదో నీకు తెలుసు. మానిఫోల్డ్‌లో పీల్పు ఉన్నప్పుడు ఇంజిన్ క్రాంక్‌కేస్ (అడుగున ఆయిల్ ఉండే పొట్ట)లోని ఆవిరిని లాగడానికి ఒక వాల్వ్, పెట్రోల్ ట్యాంక్ ఆవిరి లాగే ఎన్80 లైనులో ఒకటి, బ్రేకు బూస్టర్ (పీల్పుతో బ్రేకుని తేలిక చేసేది) లైనులో ఒకటి. బూస్టు వచ్చినప్పుడు ఇవన్నీ మూసుకోవాల. క్రాంక్‌కేస్ వాల్వ్ మూసుకోలేదనుకో, టర్బో కొట్టే గాలి నేరుగా ఇంజిన్ పొట్టలోకి పోతాది. అప్పుడు డిప్‌స్టిక్ పైకి లేస్తాది, వాల్వ్ కవర్ గాస్కెట్ దగ్గర ఆయిల్ చెమరుస్తాది, బూస్టు తగ్గుతాది. అదే వాల్వ్‌కో దాని పైపుకో చీలిక కూడా ఉంటే ఐడిలింగ్‌లో బయట గాలి లాగి పి 0171 వస్తాది. చూశావా, నీ నాలుగు కంప్లయింట్లూ వరసగా వచ్చేశాయి. ఇప్పుడు వాల్వ్ కవర్ గాస్కెట్ మార్చేవాడొకడు, ఎయిర్ ఫ్లో మార్చేవాడొకడు, టర్బో విప్పుతాననేవాడొకడు, ముగ్గురూ తలా ఒక బిల్లు రాస్తారు, అసలు వాల్వ్ ఖరీదు ఆ బిల్లుల్లో కూలీకి కూడా రాదు.

అయినా నా మాట నమ్మి వాల్వ్ కొనేయొద్దు, ముందు కొలువు. స్కానర్ ఉన్నోడి దగ్గరికి పో, ఉత్త కోడ్ చదివి చెరిపేసేవాడు కాకుండా లైవ్ డేటా చూపించేవాడు కావాల. ఈ బండికి వీసీడీఎస్ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్ల స్కానర్ సాఫ్ట్‌వేర్) ఉంటే మరీ మంచిది, దాంట్లో ఇంజిన్ అనే విభాగంలోకి పోయి మెజరింగ్ బ్లాక్ 032 తెరిస్తే మొదటి గడిలో ఐడిలింగ్‌లో ఈసీయూ చేసే పెట్రోల్ కరెక్షన్ (దీన్నే ట్రిమ్ అంటారు, ప్లస్ అంటే ఎక్కువ పోస్తోందని), రెండో గడిలో తొక్కినప్పటి కరెక్షన్ శాతాల్లో వస్తాయి. రెండూ ప్లస్ 10, మైనస్ 10 లోపల ఉంటే బండి బాగున్నట్టు. మొదటి గడి బాగా ప్లస్‌లో ఉండి రెండోది సున్నాకి దగ్గరగా ఉంటే అది వాక్యూమ్ లీకే, ఎందుకంటే ఐడిలింగ్‌లో ఇంజిన్ తాగేది సెకనుకి 2 నుంచి 4 గ్రాముల గాలే, దాంట్లో కాస్త దొంగగాలి కలిసినా శాతం పెద్దగా కనపడతాది, 3000 ఆర్పీఎంలో అదే లీకు లెక్కలోకి రాదు. రెండు గడులూ ప్లస్‌లోనే ఉంటే లీకు కాకపోవచ్చు, పెట్రోల్ పంపు నీరసంగా ఉండడమో ఎయిర్ ఫ్లో సెన్సర్ తక్కువ చదవడమో, లేదంటే టర్బో ముందు పైపు చీలడమో. రెండో గడి మైనస్‌లోకి పోతే సెన్సర్ దాటాక లెక్కపెట్టిన గాలి బయటికి పోతోందని అనుమానించాల. ఇదంతా ఐదు నిమిషాల పని, దీంతో సగం దారి తెలిసిపోద్ది. స్కానర్‌వాడు పి 1136 గానీ పి 1128 గానీ చూపించాడంటే అదీ ఇదే కథ, మొదటిది ఐడిలింగ్ గడి హద్దు దాటిందని, రెండోది తొక్కినప్పటి గడి హద్దు దాటిందని.

వాక్యూమ్ గేజ్ దొరికితే ఇంకా మంచిది. నెల్లూరైనా ఒంగోలైనా సముద్ర మట్టానికి దగ్గరే కాబట్టి ఎత్తు లెక్కలు వేసుకునే పని లేదు, ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో గేజ్ 18 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గర కదలకుండా నిలబడాల. 15 దగ్గర నిలబడి ఉంటే లీకు అనుమానం, లేదా వాల్వ్ టైమింగ్ తేడా. ముల్లు ఒక లయలో కొట్టుకుంటా ఉంటే అది వేరే గోల, వాల్వ్ సీటో ప్లగ్గో అయి ఉంటది.

ఇప్పుడు చేత్తో చేసే పని. బండి ఐడిలింగ్‌లో పెట్టి ఒక్కొక్క సన్న పైపునీ మొదట్లో, అంటే మానిఫోల్డ్‌కి తగిలే చోట, హోస్ పించ్ ప్లయర్‌తో నొక్కి పట్టుకో, స్కానర్‌లో లైవ్ ట్రిమ్ చూస్తా ఉండు. పించ్ ప్లయర్ లేకపోతే మామూలు వైస్‌గ్రిప్పుకి మందం గుడ్డ చుట్టుకో. ఏ పైపు నొక్కగానే ట్రిమ్ కిందికి దిగి ఐడిలింగ్ నెమ్మదిస్తాదో లీకు ఆ పైపు దారిలో ఉండాది. ఇంతకన్నా చవక పరీక్ష లేదు, కానీ ఇరవై ఏళ్ళ పైపులు నొక్కితే పటుక్కున విరుగుతాయి, విరిగితే విరగనీ, అట్టాంటిది ఎట్టాగూ రేపో మాపో హైవే మీద విరిగేదే. కాకపోతే పక్కన కొత్త హోస్ ముక్క పెట్టుకుని మొదలుపెట్టు, సింగరాయకొండ దాటాక టోల్‌గేట్ దగ్గర నిలబడిపోతే నన్ను తిట్టుకుంటావు.

ఈ ఇంజిన్‌లో వరసగా యాడ చూడాలో చెప్తా. మానిఫోల్డ్ కింద, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ పైనుంచి వచ్చే బ్రీదర్ హోస్ మొదటిది. లోపల ఆయిల్ ఆవిరి, బయట ఇంజిన్ వేడి, రబ్బరు నాని మెత్తబడి వేలితో నొక్కితే లోపలికి పోద్ది, కింది వైపు చినిగి ఉంటది కాబట్టి పైనుంచి చూస్తే బాగున్నట్టే కనపడతాది, అద్దం ముక్క పెట్టి టార్చి కొట్టి చూడు. దాని దగ్గర్లోనే మానిఫోల్డ్‌కి పోయే వన్‌వే వాల్వ్ ఉంటది. విప్పి నోటితో ఊది చూడు, ఒకవైపు పోవాల, రెండోవైపు అసలు పోకూడదు, రెండువైపులా పోతుంటే దొంగ దొరికాడు. మీద బాణం గుర్తు ఉంటది, అది ఎటు చూస్తోందో విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకో, తిరగేసి బిగించినవాళ్ళు చాలామంది ఉండారు, వాళ్ళలో అనుభవం ఉన్నోళ్ళే ఎక్కువ. ఎన్80 లైనులో వాల్వ్ మాత్రం నోట్లో పెట్టుకోవద్దు, అది పెట్రోల్ ఆవిరి పోయే లైను, మందుల షాపులో పెద్ద సిరంజి కొని దాంతో లాగి చూడు.

తర్వాత డైవర్టర్ వాల్వ్, యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు మిగిలిన బూస్టుని వదిలేది. టర్బో పైపుల మీద నల్లగా గుండ్రంగా ఉంటది, దాని నెత్తిన సన్న పైపొకటి. బయటికి తీసి లోపలి పిస్టన్ వేలితో లోపలికి నొక్కి, సన్న గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టి, పిస్టన్ వదులు. లోపలే ఆగిపోవాల. మెల్లగా బయటికి వచ్చేస్తే డయాఫ్రం చినిగినట్టు, అది ఐడిలింగ్‌లో గాలి లాగతాది, బూస్టులో గాలి వదులుతాది. ఆ సన్న పైపు ఎన్249 (డైవర్టర్‌ని నడిపే కరెంటు వాల్వ్) దగ్గరికి పోతాది, దాంతో పాటు ఒక ప్లాస్టిక్ వాక్యూమ్ డబ్బా కూడా ఉంటది, ఆ డబ్బా ముక్కు విరిగి ఉందేమో చూడు. ఎన్75 (బూస్టుని అదుపు చేసే కరెంటు వాల్వ్)కి మూడు పైపులు, టర్బో నుంచి ఒకటి, వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని టర్బో తప్పించి వదిలే తలుపు) యాక్చువేటర్‌కి ఒకటి, ముందు లావు పైపుకి ఒకటి. వీటిల్లో వేస్ట్‌గేట్‌కి పోయే పైపు చీలితే బూస్టు తగ్గదు, పెరిగిపోద్ది, బండి ఒక్కసారిగా లాగి వెంటనే చచ్చుబడిపోద్ది, పి 1555 (బూస్టు పై హద్దు దాటిందనే కోడ్) పడతాది. లీకంటే ఎప్పుడూ పికప్ తగ్గడమే అనుకోవద్దని చెప్పడానికి ఇది.

బ్రేకు బూస్టర్ లైను మర్చిపోవద్దు, ఇది లెక్కల పని కాదు ప్రాణాల పని. ఇంజిన్ ఆపి, బ్రేకు నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి పెడల్ గట్టిపడ్డాక అట్టాగే కాలు పెట్టి స్టార్ట్ చెయ్యి, పెడల్ కాస్త కిందికి దిగాల. దిగితే బూస్టర్‌కి పీల్పు అందుతున్నట్టు. తర్వాత ఇంజిన్ ఆపి ఒక రాత్రి వదిలేసి పొద్దున స్టార్ట్ చేయకుండా తొక్కి చూడు, మొదటి రెండు తొక్కులు మెత్తగా పోవాల. మొదటి తొక్కుకే రాయిలా ఉంటే వన్‌వే వాల్వ్ గాలి నిలపట్లేదు. ఈ లైనులో ఈ బండికి సక్షన్ జెట్ పంపు అని పీల్పు పెంచే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటది, ముదిరి పెళుసై చేయి తగిలితే విరుగుతాది. దాన్ని ఎం-సీల్ పెట్టి అతికించినవి చూశాను, బానెట్ కింద మే నెల వేడికి ఆ ముద్ద ఊడి రాలిపోద్ది, అప్పటికి బ్రేకు గట్టిపడితే నీ ముందు లారీ ఉంటది. కొత్తది వెయ్యి.

ఇంకా మిగిలినవి చిన్నవి. డిప్‌స్టిక్ గొట్టం నెత్తిన నారింజ రంగు ప్లాస్టిక్ గరాటు పగిలి ఉంటది, దాదాపు అన్ని పాత బండ్లకీ. ఆయిల్ పోసే మూత రబ్బరు. ఇంజెక్టర్ల అడుగున ఓ-రింగులు ఎండి గట్టిపడతాయి. మానిఫోల్డ్ గాస్కెట్, థ్రాటిల్ బాడీ గాస్కెట్. ఫ్యూయెల్ ప్రెజర్ రెగ్యులేటర్ నెత్తి మీద సన్న పైపు పీకి చూడు, లోపల పెట్రోల్ తడి ఉంటే పైపు కాదు రెగ్యులేటరే పోయింది.

కార్బ్ క్లీనర్ కొట్టి ఐడిలింగ్ మారితే లీకు అని అందరూ చెప్తారు. పద్ధతి నిజమే, పని చేస్తాది, కానీ ఈ బండిలో టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఇంజిన్ వెనకాల ఎర్రగా కాలుతుంటాయి, స్ప్రే చుక్క అక్కడ పడితే బానెట్ కింద మంట లేస్తాది. ముందువైపు మానిఫోల్డ్ దగ్గర, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటేనే చెయ్యి. గ్యాస్ సిలిండర్ పైపు తెచ్చి ఊదేవాళ్ళు ఉండారు, ఆ జోలికే పోవద్దు. ఏదీ లేకపోతే బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే స్ప్రే బాటిల్‌లో మంచినీళ్ళు పోసి సన్నగా కొట్టు, చీలిక మీద నీళ్ళు పడిన క్షణం ఐడిలింగ్ తడబడతాది, వైర్ల మీద కొట్టకుంటే చాలు.

ఇవన్నీ ఐడిలింగ్ పరీక్షలు, అంటే సగం పరీక్షలు. బూస్టులో మాత్రమే తెరుచుకునే చీలిక వీటికి దొరకదు. దానికి ప్రెజర్ టెస్ట్ చెయ్యాల, నువ్వే ఇంట్లో చేసుకోవచ్చు. హార్డ్‌వేర్ షాపులో 75 ఎంఎం పీవీసీ ఎండ్ క్యాప్ కొను, నీ పైపుకి సరిపోద్దో లేదో ముందు కొలుచుకో. క్యాప్ మధ్యలో రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ లాగి కూర్చోపెట్టు. ఎయిర్ ఫ్లో సెన్సర్ విప్పేసి, లావు పైపు మూతిలో ఈ క్యాప్ పెట్టి గట్టిగా క్లిప్పు బిగించు. సెన్సర్‌తో పాటు ఊదొద్దు, అది సున్నితం. ఇప్పుడు రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తో గాలి ఎక్కించాల, పంక్చర్ షాపు వాడి పెద్ద కంప్రెసర్ డైరెక్టుగా పెట్టావంటే అది 100 పీఎస్ఐ పైన ఉంటది, క్యాప్ ఎగిరి మొహానికి తగులుతాది, సీల్స్ లేచిపోతాయి. 3 పీఎస్ఐతో మొదలుపెట్టి 5కి పోయి ఆగి విను. కంపెనీ సెట్టింగులో ఈ బండి బూస్టు 8 పీఎస్ఐ అటూ ఇటూ, కాబట్టి పరీక్ష 8 దాటించే పనే లేదు.

ఇక్కడ అందరూ మర్చిపోయే సంగతి. ఆ లావు పైపుకి క్రాంక్‌కేస్ బ్రీదర్ తగిలి ఉంటది, దాన్ని పీకి లావు పైపు వైపు రంధ్రానికి బిరడా పెట్టకపోతే నువ్వెక్కించే గాలంతా ఇంజిన్ పొట్టలోకి పోయి క్రాంక్ సీళ్ళని తోస్తాది. బిరడా పెట్టాక కూడా ఆయిల్ మూత దగ్గర చెయ్యి పెట్టి చూడు, గాలి గట్టిగా వస్తోందంటే ముందు మానిఫోల్డ్ వైపు వన్‌వే వాల్వ్‌ని అనుమానించాల. అట్టాగే సైలెన్సర్‌లోంచి సన్నగా సుయ్‌మని గాలి వస్తే కంగారు పడొద్దు, ఏదో సిలిండర్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు రకాల వాల్వులూ కాస్త తెరుచుకుని ఉంటాయి, బండి న్యూట్రల్‌లో పెట్టి క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి కొంచెం తిప్పితే ఆగిపోద్ది.

తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్ళల్లో కలిపి బ్రష్‌తో ప్రతి జాయింటుకీ రాయి. బుడగ లేచిన చోట చాక్‌పీస్‌తో గుర్తు పెట్టు, వెంటనే బిగించడం మొదలుపెట్టొద్దు, మొత్తం తిరిగి రా, ఎందుకంటే పాత బండిలో ఒకటి దొరకగానే ఆనందపడి ఆపేస్తే రెండోది మిగిలిపోద్ది. కుడివైపు ముందు బంపర్ మూలలో ఉండే ఇంటర్‌కూలర్ పైపు జాయింట్లు, టర్బో కింద మోకాలు పైపు, ఇవి కింద పడుకుని చూడాల్సిందే. స్మోక్ మెషీన్ ఉన్న గ్యారేజీ దొరికితే ఈ కష్టం తప్పుతాది, అది అర పీఎస్ఐ, ఒక పీఎస్ఐ ఒత్తిడితో పొగ ఎక్కిస్తాది, చీలిక దగ్గర తెల్లగా కనపడతాది. కాకపోతే అంత తక్కువ ఒత్తిడికి కొన్ని చీలికలు తెరుచుకోవు. పొగలో ఏమీ కనపడకపోయినా ప్రెజర్ టెస్ట్ చేయించు. సాంబ్రాణి పొగ ఎక్కించమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో, నిప్పురవ్వలూ బూడిదా టర్బోలోకి పోతాయి.

బాగుచేయడానికి వస్తే, సెలైన్ పైపు, అక్వేరియం పైపు పెట్టిన బండ్లు వారానికొకటి చూస్తుంటాం. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటాయి, వేడెక్కాక మెత్తబడి పీల్పుకి అతుక్కుపోతాయి, బూస్టుకి ఉబ్బుతాయి. సన్న వాక్యూమ్ లైన్లకి మందం గోడ ఉన్న సిలికాన్ హోస్ తీసుకో, లోపలి కొలత పాత పైపు ముక్క తీసుకెళ్ళి సరిపోల్చుకో. కానీ క్రాంక్‌కేస్ బ్రీదర్‌కీ ఎన్80 లైనుకీ మామూలు సిలికాన్ వద్దు, ఆయిలూ పెట్రోల్ ఆవిరీ దాంట్లోంచి చెమటలా ఊరతాయి, అక్కడ ఆయిల్‌కీ పెట్రోల్‌కీ తట్టుకునే రకం రబ్బరే కావాల. షాపులో రంగు చూసి మోసపోవద్దు, ఎరుపూ నీలం సిలికాన్ పైపులు చూడ్డానికి బాగుంటాయి అంతే. ప్రతి సన్న పైపు చివరా క్లిప్పు వెయ్యి, పీల్పు పైపుని తనంతట తను పట్టుకుంటాది గానీ బూస్టు ఊడగొడతాది. లావు పైపులకి జూబ్లీ క్లిప్పు బలం కొద్దీ బిగిస్తే రబ్బరుని కోస్తాది. క్రాంక్‌కేస్ వాల్వ్, దాని కింద హోస్, టీ ముక్కలు అన్నీ ఒకేసారి మార్చు. మానిఫోల్డ్ కింద చెయ్యి దూర్చడమే అసలు కష్టం, ఒక ముక్క మార్చి మళ్ళీ ఆరు నెలలకి అదే సందులోకి ఎవరు పోతారు.

మన వైపు బండ్లకి ఇంకో రెండు తద్దినాలు ఉండాయి. ఎలుకలు. వరి కోతలప్పుడు పొలం పక్కనో గోడౌన్ పక్కనో బండి వారం రోజులు వదిలేస్తే వెచ్చగా ఉందని బానెట్ కిందికి చేరి సన్న పైపులు కొరుకుతాయి, చీలిక అంచు గరుకుగా పళ్ళ గుర్తులతో ఉంటే అది ముదరడం కాదు ఎలుకే. రెండోది దుమ్ము. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల రోడ్డు మీద రోజూ తిరిగే బండికి టర్బో ముందు లావు పైపులో చీలిక ఉంటే ఫిల్టర్ తప్పించుకున్న రాతి దుమ్ము నేరుగా కంప్రెసర్ రెక్కల మీద పడి వాటి అంచులు అరగదీస్తాది. నీది ఒంగోలే కాబట్టి చెప్తుండా, ఆ పైపు విప్పినప్పుడు లోపల వేలు పెట్టి తుడిచి చూడు. ఆయిల్ తడి కొంచెం ఉండడం మామూలే, దాంట్లో బూడిదరంగు పొడి తగిలిందంటే చీలికో ఫిల్టర్ సరిగా కూర్చోకపోవడమో ఉండి తీరాల. నిజంగా టర్బో పాడయ్యేది అట్టాగే, అప్పుడు నీ మెకానిక్ మాట నిజమవుద్ది.

అంతా బిగించాక కోడ్లు చెరిపించి, వీసీడీఎస్‌లో బేసిక్ సెట్టింగ్స్ 060లో థ్రాటిల్ బాడీ అడాప్టేషన్ చేయించు, లేకపోతే పాత లీకుకి అలవాటు పడిన ఈసీయూ కొన్నాళ్ళు పిచ్చిగానే నడుపుతాది, నువ్వేమో పని కాలేదనుకుంటావు. ఒంగోలు నుంచి కావలి దాకా ఎన్‌హెచ్ 16 మీద ఒకసారి తిరిగి రా, కొంతసేపు నెమ్మదిగా, కొంతసేపు గట్టిగా తొక్కి, మధ్యలో ఆగి ఐడిలింగ్‌లో వదిలేసి. తర్వాత మళ్ళీ బ్లాక్ 032 చూడు.

డీజిల్ బండి ఉన్నోళ్ళు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. డీజిల్‌లో మానిఫోల్డ్ పీల్పు ఉండదు, దానికి వేరే వాక్యూమ్ పంపు ఉంటది, బ్రేకు బూస్టర్‌కీ, వేరియబుల్ టర్బో ఉంటే దాని యాక్చువేటర్‌కీ, ఈజీఆర్ (ఎగ్జాస్ట్‌లో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్)కీ పీల్పు అక్కడినుంచే పోతాది. చాలా పాత బండ్లలో అంతే. అందుకే 2000 ఆర్పీఎం లోపల పికప్ చచ్చిపోయి బ్రేకు కూడా గట్టిపడితే టర్బోని కాదు వాక్యూమ్ పంపుని, దాని మెయిన్ హోస్‌ని చూడండి. బ్రేకు బాగుండి పికప్ ఒక్కటే లేకపోతే యాక్చువేటర్ రాడ్ చూడండి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యగానే లోపలికి లాక్కోవాల, ఆపగానే వదలాల. కదలకపోతే చేతి వాక్యూమ్ పంపుతో లాగి నిలుస్తోందో లేదో చూస్తే డయాఫ్రమా పైపా తేలిపోద్ది. డీజిల్‌లో స్ప్రే పరీక్షలు పనికిరావు, ప్రమాదం కూడా.

తమ్ముడూ, ఇవన్నీ చేశాక కూడా 032 మొదటి గడి తగ్గకపోతే అప్పుడు ఫ్యూయెల్ ప్రెజర్ గేజ్ పెట్టించు, రెగ్యులేటర్ సన్న పైపు పీకితే 3 బార్, పెడితే 2.5 దగ్గరికి దిగాల. ఆ రెండు అంకెలూ, 032 రెండు గడులూ, వన్‌వే వాల్వ్ ఊదితే ఏమైందో రాసి పంపు. ఈలోపు టర్బో మీద స్పానర్ వెయ్యనియ్యొద్దు, పాత ఎయిర్ ఫ్లో సెన్సర్ మెకానిక్ దగ్గరే ఉంటే వెనక్కి తెచ్చుకో, అది బాగానే ఉండి ఉంటది.